మందు పోయని గొర్రె

హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న జియాగూడ మండీలో జీవాలను కొనేవారు ముందుగా నడుము మీద చేయి వేసి కండ చూస్తారు, ఆపైన నోరు తెరిచి పళ్లను బట్టి వయసు లెక్కిస్తారు. అనుభవం ఉన్న కొందరు కంటి కింది రెప్పను బొటనవేలితో లాగి లోపలి రంగు కూడా చూడడం నేను గమనించాను. రెప్ప లోపల ఎర్రగా ఉంటే బేరం సాగుతుంది, తెల్లగా పాలిపోయి ఉంటే ధర తగ్గుతుంది. పరాన్నజీవుల శాస్త్రం ఎన్నో మందులు వాడి చూశాక చేరుకున్న చోటు కూడా దాదాపు ఇదే.

రెప్ప పాలిపోవడానికి తరచుగా కారణమయ్యే నట్ట (పొట్టలో బతికే పురుగు) పేరు హీమాంకస్ కంటోర్టస్. ఇది గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండే ఆడ నట్టలో రక్తం నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయాలు మెలిక తిరిగి ఉంటాయి కనుక, అది ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనిన పోగులా కనిపిస్తుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుందని అంచనా. వినడానికి ఒక చుక్కే అయినా, వెయ్యి నట్టలున్న గొర్రె రోజుకు 50 మిల్లీలీటర్ల రక్తం పోగొట్టుకుంటుంది. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడి, వానాకాలపు తడికీ వెచ్చదనానికీ సుమారు వారం రోజుల్లో పిల్ల పురుగులుగా ఎదిగి, గడ్డి పరక మీది నీటి పొరలో పైకి పాకుతాయి. పొద్దెక్కి మంచు ఆరాకే మందను తోలాలన్న కాపరుల అలవాటు వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి కావచ్చు.

2019 పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇంత సంపదను కాపాడాలంటే మందలోని ప్రతి గొర్రెకూ ఒకేసారి నట్టల మందు పోయాలన్నది సహజంగా తట్టే ఆలోచన. దశాబ్దాల పాటు నిపుణులు ఇచ్చిన సలహా కూడా అదే: అన్నిటికీ మందు పోసి, ఆ వెంటనే కొత్త బీడుకు తోలమనేవారు. ఆ సలహాలోని లోపం ఆలస్యంగా బయటపడింది. మందుకు చావని నట్టలు ఏ మందలోనైనా కొన్ని ఉంటాయి. శుభ్రమైన కొత్త బీడులో పడే గుడ్లన్నీ ఆ కొన్నింటివే కనుక, తరువాతి తరం మొత్తం వాటి సంతానమే అవుతుంది. మనమే ఏరి, విత్తనం కట్టి, నాటినట్టయింది. ఆల్బెండజోల్ కుటుంబానికి చెందిన మందులు మన దేశంతో సహా చాలా చోట్ల పట్టు కోల్పోవడానికి ఇదొక ముఖ్య కారణం. బరువును కంటితో అంచనా వేసి మోతాదు తగ్గించడం, గొర్రె కన్నా ఎక్కువ మోతాదు అవసరమైన మేకకూ గొర్రె లెక్కనే పోయడం దీనికి తోడయ్యాయి.

ఎండాకాలం సంగతి ఇంకా చిక్కైనది. దక్కను బీళ్లు మే నెలలో మాడిపోయినప్పుడు గడ్డి మీద పిల్ల పురుగులు దాదాపు మిగలవు, ఉన్న నట్టలన్నీ జీవాల పొట్టల్లోనే ఉంటాయి. వానల ముందు మందు పోస్తే ఆ ఏటికి గొప్ప ఫలితం కనిపిస్తుంది, కానీ తొలకరి తరువాత బీడును నింపేవి మందును తట్టుకున్నవే.

ఈ చిక్కుకు విరుగుడుగా దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990ల్లో ఫమాచా పద్ధతిని రూపొందించారు. అయిదు రంగుల పట్టీని కంటి రెప్ప పక్కన పెట్టి పోల్చి, పాలిపోయిన వాటికే మందు పోస్తారు. మందలోని నట్టల్లో అధిక భాగం కొద్దిపాటి గొర్రెల్లోనే ఉంటుంది కనుక నష్టం పెద్దగా ఉండదు. మందు పోయని గొర్రెలు వదిలే గుడ్ల నుంచి మందుకు లొంగే నట్టలు పుట్టి, మొండి వాటితో కలిసి వాటి బలాన్ని పలుచన చేస్తాయి. అయితే రక్తం తాగని నట్టలను ఈ పట్టీ పట్టుకోలేదు, కార్జపు జలగల వల్ల కూడా రెప్ప పాలిపోవచ్చు. అందుకే మందుకు ముందు, మందు పోసిన 10 నుంచి 14 రోజుల తరువాత పెంటికల్లో గుడ్లు లెక్కించే పరీక్ష అవసరం. తగ్గుదల 95 శాతం కన్నా తక్కువైతే ఆ మందును అనుమానించాలి.

కోళ్ల షెడ్లలోనూ ఇదే తర్కం మరో రూపంలో కనిపిస్తుంది. కోళ్లలో రక్తపారుడును కలిగించే ఐమీరియా అనే పరాన్నజీవి గుడ్డు లాంటి తిత్తి రూపంలో ఊక మీద పడి, తేమ, గాలి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో సోకే దశకు చేరుతుంది. ఆ తిత్తిని మామూలు క్రిమిసంహారకాలు ఏమీ చేయలేవు. రెట్ట కిందికి జారిపోయే పంజరాల్లోని గుడ్ల కోళ్లకు బెడద తక్కువ కాగా, ఊక మీద పెరిగే బ్రాయిలర్లకు ఎక్కువ. ఆంప్రోలియం అనే మందు బి1 విటమిన్ వేషంలో వెళ్లి పరాన్నజీవిని మోసగిస్తుంది. నీరసంగా ఉన్నాయని అదే సమయంలో బి1 కూడా కలిపితే మందు పని తగ్గిపోతుంది. టీకా మరీ విచిత్రం: బతికున్న తిత్తులనే ఒక రోజు వయసు కోడిపిల్లలపై పిచికారీ చేస్తారు. అవి ఊకలో కొన్ని చుట్లు తిరిగితేనే రోగనిరోధక శక్తి నిలుస్తుంది. ఊక మరీ పొడిబారితే టీకా సగంలోనే ఆగిపోతుంది.

పశువుల్లో పిడుదుల ద్వారా వచ్చే థైలీరియా అనే పరాన్నజీవి తెల్ల రక్తకణాలలో చేరి వాటిని క్యాన్సర్ కణాల్లా పెరిగేలా చేస్తుంది. సంకరజాతి ఆవులు, దూడలు దీనికి త్వరగా లొంగిపోతాయి. బలహీనపరచిన పరాన్నజీవితో తయారై, ద్రవ నత్రజనిలో నిల్వ ఉండే టీకా రక్షావాక్-టి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారీయే. ఆ పిడుదులు కొట్టం గోడల పగుళ్లలో దాక్కుంటాయి కనుక, ఆవుకు మందు పూసి గోడను వదిలేస్తే పని సగమే అవుతుంది.

అడవి జంతువుల విషయంలో ఎంచి మందు పోసే వీలు కూడా లేదు. జోరీగలు మోసే సర్రా వ్యాధి 2000 జులైలో ఒడిశాలోని జంతుప్రదర్శనశాల నందన్‌కానన్‌లో పదికి పైగా పులులను బలిగొంది. జూలోనే అంత కష్టమైతే, అడవిలో సంగతి చెప్పనక్కరలేదు. మన మందుల ప్రభావం మాత్రం అక్కడికీ చేరుతుంది. ఆల్బెండజోల్ తరగతి మందులకు లొంగని హీమాంకస్ బ్రిటన్‌లోని అడవి జింకల్లో కనిపించింది. ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు తీసుకున్న పశువు పేడలో కొన్ని రోజుల పాటు ఆ మందు మిగిలి, పేడపురుగుల పిల్లలను చంపుతుంది. పేడను విడగొట్టి, ఆరబెట్టి, అందులోని నట్టల పిల్లలను ఎండకు అప్పగించేవి ఆ పురుగులే. కాబట్టి మందు పోసిన జీవాలను ఆ కొన్నాళ్లు దొడ్లోనే మేపి, ఆ పేడను, పెంటికలను బీడులో పడనివ్వకుండా కుప్ప చేసి మాగబెట్టడం మేలు.