సీరియల్ కిల్లర్ల రిఫరెన్స్ పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

హంతకుల పేర్లు అక్షర క్రమంలో పేర్చి, ఒక్కొక్కరికి పేజీ రెండు పేజీలు కేటాయించే పుస్తకాలు ఇంగ్లీషులో ఏనాటి నుంచో ఉన్నాయి. కాలిన్ విల్సన్, పట్రీషియా పిట్‌మన్ కలిసి హత్యల విజ్ఞాన సర్వస్వం తెచ్చింది 1961లో. 1990ల తర్వాత సీరియల్ కిల్లర్లకే ప్రత్యేకంగా ఇలాంటివి వరసగా వచ్చాయి. తెలుగు వీడియోల్లో, వ్యాసాల్లో తిరిగే అంకెలు, బిరుదులు చాలావరకు వాటిలోంచి దిగినవే. ఈ పుస్తకాలు కూర్చేవాళ్లకు, ఎడిట్ చేసేవాళ్లకు, కొని చదివేవాళ్లకు పనికొచ్చే సంగతులు ఇవి.

అపోహ: పుస్తకంలో అచ్చయిన హత్యల సంఖ్య రుజువైన సంఖ్యే.

వాస్తవం: ఈ రంగంలో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. "ఎంతమందిని చంపాడు" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. కనీసం నాలుగుంటాయి: నిందితుడు చెప్పుకున్నది, పోలీసులు అనుమానించినది, ఛార్జిషీటులో పెట్టినది, కోర్టులో నిలబడినది. మంచి పుస్తకం ఈ నాలుగింటినీ వేరు చేసి చూపిస్తుంది. నాసిరకం పుస్తకం నాలుగింటిలో పెద్దదాన్ని ఎంచుకుని హెడ్డింగ్ కింద వేసేస్తుంది.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర హైడ్ ఊళ్లో ప్రాక్టీసు చేసిన డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ విషయం చూడండి. 2000 జనవరిలో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది 15 హత్యల్లో. జడ్జి జానెట్ స్మిత్ నడిపిన ప్రభుత్వ విచారణ 2002లో 215 మందిని చంపాడని నిర్ధారించి, మరో 45 మరణాల మీద బలమైన అనుమానం ఉందని చెప్పింది. ఆ విచారణే చివర్లో మొత్తం 250 దాకా ఉండొచ్చని అంచనా వేసింది. 15, 215, 250. మూడూ సరైన అంకెలే, ఏది ఎవరు చెప్పారో పక్కన రాసినంతవరకు. ఆ ముక్క లేకుండా "250 హత్యలు" అని వేస్తే పాఠకుడికి అది కోర్టు తీర్పులా కనబడుతుంది.

దీనికి పూర్తిగా తలకిందులైన కేసు హెన్రీ లీ లూకస్‌ది. 1983లో టెక్సాస్‌లో అరెస్టయ్యాక అతను వందల హత్యలు ఒప్పుకుంటూ పోయాడు. ఆ మాటల మీద పలు రాష్ట్రాల పోలీసులు 200కు పైగా కేసులు మూసేశారు. 1986లో టెక్సాస్ అటార్నీ జనరల్ కార్యాలయం నివేదిక ఇచ్చింది. అతను చంపానన్న తేదీల్లో చాలాచోట్ల అతను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు పని రికార్డులు, జీతం చెక్కులు చూపించాయి. అతనికి మరణశిక్ష పడిన కేసులో కూడా హత్య టెక్సాస్‌లో జరిగితే, ఆ సమయానికి అతను ఫ్లోరిడాలో ఇళ్ల పైకప్పుల పనిలో ఉన్నాడనడానికి ఆధారాలు దొరికాయి. 1998లో గవర్నర్ జార్జ్ బుష్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అయినా 1980ల మధ్యలో అచ్చయిన అంకెలు నేటికీ ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి నడుస్తూనే ఉన్నాయి. అబద్ధపు ఒప్పుకోలు మీద కేసు మూసేస్తే అసలు హంతకుడి కోసం వెతకడం ఆగిపోతుంది. అదే అంకెను మళ్లీ అచ్చువేసినప్పుడల్లా ఆ అన్యాయానికి మనమూ ముద్ర వేస్తున్నట్టే.

మన దేశపు ఎంట్రీల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ప్రెస్‌మీట్‌లో నిందితుడిని ముసుగు వేసి నిలబెట్టి "ఇన్ని హత్యలు ఒప్పుకున్నాడు" అని పోలీసులు ప్రకటిస్తారు, మర్నాడు జిల్లా ఎడిషన్లో అది పతాక శీర్షిక అవుతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. ఆ మాటల ఆధారంగా శవమో ఆయుధమో దొరికితే, దొరికిన వస్తువుకు నేరుగా సంబంధించిన ముక్క మాత్రమే చెల్లుతుంది. అందుకని పేపర్ కటింగ్‌లోంచి తీసుకున్న అంకెను "పోలీసుల కథనం ప్రకారం" అన్న మాట లేకుండా ఎంట్రీలో పెట్టకూడదు.

బాటసారుల గొంతు బిగించి దోచుకున్న థగ్గుల నాయకుడు బెహ్రామ్ పేరు పక్కన ప్రపంచమంతా 931 అని రాస్తుంది. రికార్డుల పుస్తకాల్లోకీ ఎక్కింది ఆ అంకె. ఈస్టిండియా కంపెనీ అధికారి జేమ్స్ పేటన్ రాసిపెట్టిన కాగితాల ప్రకారం 931 అనేది బెహ్రామ్ తన ముఠాతో పాటు హాజరైన హత్యల లెక్క. తన చేతులతో గొంతు బిగించింది సుమారు 125 మందినని అతనే చెప్పాడు. అదీ క్షమాభిక్ష కోసం అప్రూవర్‌గా మారిన మనిషి మాట. మూడు వాక్యాల్లో చెప్పగల ఈ తేడాను చెప్పని ఎంట్రీని నమ్మలేం.

హంగరీ ప్రభువుల ఇంటి ఆడపడుచు ఎలిజబెత్ బాథరీది కూడా ఇదే కథ. 650 అన్న సంఖ్య ఒక పనిమనిషి సాక్ష్యంలోది. ఎవరో ఆ లెక్కను ఒక పుస్తకంలో చూశారని తాను విన్నట్టు ఆమె చెప్పింది. ఆ పుస్తకం ఎవరికీ దొరకలేదు. 1611లో ఆమె పనివాళ్ల మీద నడిచిన విచారణలో పరిగణించినది 80 మరణాలు. ఇక రక్తంతో స్నానం చేసిందన్న మాట మొదటిసారి అచ్చులో కనిపించింది 1729లో, ఆమె పోయిన నూరేళ్లు దాటాక.

అపోహ: సీరియల్ కిల్లర్ అంటే ఎవరో అందరికీ తెలుసు, పుస్తకాలన్నీ ఒకే కొలత వాడతాయి.

వాస్తవం: కొలత మారుతూ వచ్చింది. 1992లో అమెరికా ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు రాసిన వర్గీకరణ మాన్యువల్ మూడు లేదా అంతకంటే ఎక్కువ వేర్వేరు ఘటనలు, మధ్యలో విరామం ఉండాలంది. 1998లో అమెరికా ఫెడరల్ చట్టం కనీసం మూడు హత్యలు, వాటిలో ఉమ్మడి లక్షణాలు అని నిర్వచించింది. 2005లో శాన్ ఆంటోనియోలో ఎఫ్‌బీఐ పెట్టిన సదస్సు, వేర్వేరు ఘటనల్లో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మందిని చంపితే చాలంది. అంటే 1995 నాటి పుస్తకంలో లేని మనిషి 2010 నాటి పుస్తకంలో ఉండడానికి కొత్తగా ఏ హత్యా జరగనక్కర్లేదు. మన భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షన్. సీరియల్ హత్య అని వేరే సెక్షన్ లేదు.

వరంగల్ శివారు గొర్రెకుంట కేసు ఈ కొలతకు గట్టి పరీక్ష. 2020 మే నెలలో ఒక్క రాత్రిలో ఒకే మనిషి తొమ్మిదిమందిని నిద్రమాత్రలు కలిపిన తిండితో స్పృహ తప్పించి బావిలో పడేశాడు. అంతవరకే చూస్తే అది సామూహిక హత్య. కానీ ఆ తొమ్మిదిమందిలో ఉన్న ఒక కుటుంబానికి బంధువైన స్త్రీని రెండు నెలల ముందు మార్చిలో చంపిన సంగతి బయటపడకుండా ఉండడానికే ఈ పని చేశాడని దర్యాప్తు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది. 2005 కొలతలో రెండు ఘటనలున్నాయి కాబట్టి ఇది చేరుతుంది. 1992 కొలతలో మూడు ఘటనలు లేవు, చేరదు. చేర్చాలా వద్దా అన్నది ఎడిటర్ ఇష్టమే, కాకపోతే ఏ కొలత వాడారో ముందుమాటలో రాసి తీరాలి. పుస్తకం చేతికి రాగానే మొదట ముందుమాట చూడండి. అందులో నిర్వచనం లేకపోతే ఆ పుస్తకంలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదానికి అర్థమే లేదు.

అపోహ: వీళ్లంతా అసాధారణ మేధావులు.

వాస్తవం: అమెరికాలో రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన సీరియల్ కిల్లర్ల డేటాబేస్‌లో ఐక్యూ దొరికినవాళ్ల సగటు, మామూలు జనం సగటైన 100 కంటే కాస్త తక్కువే. మేధావి అన్న భ్రమ ఎంపికలోంచి పుడుతుంది. పుస్తకానికి ఆసక్తికరమైనవాళ్లనే ఎంచుకుంటారు, నిరుపేదను చంపి దొరికిపోయిన మామూలు మనిషికి పేజీ దక్కదు.

అపోహ: చిన్నప్పుడు పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం. ఈ మూడూ ఉంటే పెద్దయ్యాక హంతకుడే.

వాస్తవం: దీని మూలం 1963లో అమెరికా మానసిక వైద్యుడు మెక్‌డొనాల్డ్ రాసిన ఒక పేపరు. ఆయన చూసింది 100 మంది రోగులను. వాళ్లు చంపుతామని బెదిరించినవాళ్లు, చంపినవాళ్లు కాదు. "వ్యవస్థిత, అవ్యవస్థిత" హంతకులు (పథకం వేసుకుని చంపేవాళ్లు, పథకం లేకుండా చంపేవాళ్లు) అనే విభజన కూడా జైల్లో ఉన్న 36 మంది ఇంటర్వ్యూల్లోంచి వచ్చింది. 2004లో మనస్తత్వ పరిశోధకుడు డేవిడ్ కాంటర్ బృందం 100 కేసులతో దాన్ని పరీక్షిస్తే అలాంటి రెండు గుంపులు విడిగా తేలలేదు. పక్క తడిపే పిల్లాడిని చూసి తల్లిదండ్రులు బెంబేలెత్తిపోయేలా ఈ త్రయాన్ని నిర్ధారిత సత్యంగా అచ్చువేసే పుస్తకం నిజంగా హాని చేస్తుంది.

అపోహ: రక్తం అంటే మోజున్నవాళ్లే ఇలాంటివి కొంటారు.

వాస్తవం: 2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ పరిశోధకులు అచ్చువేసిన అధ్యయనంలో నిజ నేర కథనాల మీద మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ ఆసక్తి కనిపించింది. బాధితురాలు తప్పించుకున్న ఉపాయం పుస్తకంలో ఉందంటే ఆ ఆసక్తి ఇంకా పెరిగింది. హంతకుడి మనసు ఎలా పనిచేసిందో చెబుతుందన్నా అంతే. ఎలా జాగ్రత్తపడాలో తెలుసుకోవాలన్న కోరిక ఇందులో ఉందని వాళ్ల వివరణ, అది మాకు సబబుగా తోస్తుంది.

రిఫరెన్స్ పుస్తకానికి దాని రూపంలోనే ఇంకో ఆకర్షణ ఉంది. నవలలా మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. ఎక్కడ తెరిచినా ఒక కేసు మొదలై ముగుస్తుంది, ఎంట్రీ చివర "ఇదీ చూడండి" అన్న సూచన ఇంకో పేజీకి తీసుకెళుతుంది. భయపెట్టే విషయం అక్షర క్రమంలో, ఊరూ తేదీలతో అమరి కనిపిస్తే పాఠకుడికి కాస్త పట్టు దొరుకుతుంది. క్రైమ్ రిపోర్టరుకు, స్క్రిప్టు రాసేవాళ్లకు, లా విద్యార్థికి కావలసింది మాత్రం వేరు: అరెస్టు తేదీ, కోర్టు పేరు, ఏ సెక్షన్లు, అప్పీలు ఫలితం. 600 పదాల ఎంట్రీలో హత్య వర్ణన 100 పదాలు దాటిందంటే ఈ వివరాలకు చోటు మిగలదు. విషం మోతాదు, అది ఎక్కడ దొరికింది, పోస్ట్‌మార్టంలో ఎందుకు పట్టుబడలేదు వంటివి అసలు రాయకూడదు. దర్యాప్తులో ఏ పొరపాటు వల్ల హంతకుడు ఇన్నాళ్లు దొరకలేదో మాత్రం వివరంగా రాయాలి. చదివేవాళ్లకు అన్నిటికంటే ఉపయోగపడే భాగం అదే.

అపోహ: బాధితుల పేర్లన్నీ ఇస్తేనే పుస్తకం సమగ్రం.

వాస్తవం: హంతకుడి పేరు నలభైసార్లు, చనిపోయినవాళ్లు వట్టి అంకె అన్న పద్ధతి అన్యాయమే. దాన్ని సరిదిద్దాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మన దేశంలో లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు తీసేసి, ఊరు, వీధి, బడి, తండ్రి వృత్తి రాస్తే గుర్తింపు బయటపెట్టినట్టే. ఇండెక్స్, ఫొటో కింది వ్యాఖ్య, పాత పేపర్ కటింగ్ స్కాన్: ఈ మూడుచోట్లా పేరు జారిపోతుంది. ప్రూఫులు దిద్దేటప్పుడు వీటిని విడిగా ఒకసారి చూడాలి.

అపోహ: పాత కేసులు మారవు, ఒకసారి రాసిన ఎంట్రీ ఎప్పటికీ పనికొస్తుంది.

వాస్తవం: లండన్‌లో ఎన్నడూ దొరకని హంతకుడు జాక్ ది రిప్పర్ బాధితులు ఐదుగురన్నది 1894లో లండన్ పోలీసు అధికారి మెల్విల్ మెక్‌నాటన్ రాసిన మెమోలోని అభిప్రాయం. ఆ హత్యలు జరిగిన లండన్ పేట వైట్‌చాపెల్ పేరుతో పోలీసులు ఉంచిన ఫైల్లో 1888 నుంచి 1891 దాకా 11 హత్యలున్నాయి. ఆ మెమో ఒక ప్రతిలో అనుమానితుడు డ్రూయిట్‌ను 41 ఏళ్ల డాక్టరన్నారు. నిజానికి అతను 31 ఏళ్ల బారిస్టరు, బడిపంతులు. ఇంకో అనుమానితుడు ఓస్ట్రాగ్ ఆ హత్యల సమయంలో ఫ్రాన్స్ జైల్లో ఉన్నాడని ఎన్నో ఏళ్లకు తేలింది.

మన దగ్గర నిఠారీ కేసు ఎంట్రీ పుస్తకాల్లో వెంటనే మారాలి. 2006 డిసెంబరులో నోయిడాలో ఒక ఇంటి వెనక అస్థికలు దొరికినప్పటి నుంచి ఇంటి యజమానినీ పనివాడినీ సీరియల్ కిల్లర్లుగా అచ్చువేశారు. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ తన ముందున్న కేసుల్లో నిర్దోషులంది. 2025 జులైలో ఆ తీర్పుల మీద అప్పీళ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. పనివాడికి శిక్ష మిగిలిన ఒక్క కేసులోనూ అదే ఏడాది నవంబరులో క్యూరేటివ్ పిటిషన్ (సుప్రీంకోర్టు తన తుది తీర్పునే సరిదిద్దుకోవాలని అడిగే చివరి అర్జీ) మీద విముక్తి దొరికింది. ఇప్పుడు ఈ ఎంట్రీ వ్యక్తి పేరు కింద ఉండకూడదు. "నిఠారీ హత్యలు" అని ఊరి పేరు కింద పెట్టి, హంతకుడు తేలలేదని రాయాలి. పరిచయంలోనే విముక్తి తేదీలు రావాలి, చివరి పేరాలో దాస్తే చాలదు.

ప్రతి భారతీయ ఎంట్రీనీ ప్రెస్సుకు పంపే వారంలో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో, ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో మళ్లీ చూడాలి. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే అది హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు కాదు, కాబట్టి జిల్లా కోర్టు తీర్పు దగ్గర ఆగిన ఎంట్రీ సగం ఎంట్రీయే. "ఈ తేదీ నాటికి అప్పీలు స్థితి" అని ఎంట్రీ చివర ఒక వరస వేసి, నెల, సంవత్సరం ఇవ్వండి. పుస్తకం కొనేవాళ్లు లూకస్, బాథరీ, బెహ్రామ్, నిఠారీ ఎంట్రీలు నాలుగూ షాపులో నిలబడే చదవొచ్చు, పది నిమిషాల పని. నాలుగింటిలో రెండు తప్పుగా ఉంటే ఆ పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేయండి.