‘వాడంతేనండీ’ అనే ముందు: అపోహలు - వాస్తవాలు

స్కూల్ కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. నా గదికి పిల్లవాడి కంటే ముందు వాడి మీద పడిన ముద్ర వస్తుంది.

అపోహ: టీచరు మనసులో ఏమనుకున్నా పిల్లవాడి ప్రవర్తన మారదు.

వాస్తవం: మారుతుంది. అల్లరివాడని పేరు పడ్డాక ఎక్కడ చప్పుడైనా టీచరు చూపు ముందు వాడి మీదికే వెళ్తుంది. పక్కవాడు మాట్లాడితే చిన్న మందలింపు, వీడు మాట్లాడితే క్లాసు బయట. బయట నిలబడితే పాఠం పోతుంది. పాఠం అందనివాడు కుదురుగా కూర్చోలేడు. కొన్నాళ్లకు ‘ఎలాగూ నన్నే అంటారు’ అన్న తెగింపు వస్తుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ తెగింపును చూసినప్పుడే. మొదటి తప్పుకు కారణం ఏదైనా కావచ్చు. లోకం వేసిన ముద్రను తనదిగా ఒప్పుకున్నాక చేసే తప్పులు వేరు. ఈ తేడాను సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ లెమర్ట్ 1951లోనే వివరించారు.

అపోహ: అయితే తప్పంతా టీచర్లదే.

వాస్తవం: కాదు. పిల్లవాడి గురించి టీచర్లు వేసే అంచనాలు చాలాసార్లు సరైనవే. ఇంట్లో గొడవలు, స్నేహాలు, నిద్రలేమి, గుర్తించని వినికిడి లోపం, ఇవన్నీ పిల్లవాడితోపాటు క్లాసులోకి వస్తాయి. టీచర్ల అంచనాలు పిల్లలపై చూపే ప్రభావం గురించి అమెరికా పరిశోధకులు రోసెంతాల్, జాకబ్సన్ 1968లో ప్రచురించిన ప్రయోగం చాలా పేరు పొందింది. కానీ తర్వాతి పరిశోధనల్లో ఆ ప్రభావం సాధారణంగా చిన్నదిగానే కనిపించింది. చిన్నదే అయినా, మన చేతుల్లో ఉన్నది అదే.

అపోహ: నోరెత్తని పిల్లలతో ఇబ్బంది లేదు.

వాస్తవం: 1928లో విక్‌మన్ అనే పరిశోధకుడి అధ్యయనంలో టీచర్లు ఎదురుతిరగడం, దొంగతనం లాంటివాటిని తీవ్రంగా చూస్తే, మానసిక నిపుణులు ముడుచుకుపోవడాన్ని ఎక్కువ తీవ్రంగా తీసుకున్నారు. మనల్ని విసిగించేది, పిల్లవాడిని బాధపెట్టేది ఒకటే కావాలని లేదు.

అపోహ: ఈ వయసులో దారి తప్పినవాడు ఇక బాగుపడడు.

వాస్తవం: టీనేజీలో తప్పుదారి పట్టినవాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యాక మానేస్తారు. జీవితాంతం అదే దారిలో ఉండేవాళ్లు కొద్దిమందే.

టీచర్లను నేను అడిగేది ఒకటే. ‘మొండివాడు’ అని రాయకండి, ఏ పీరియడ్‌లో ఏం జరిగిందో రాయండి. ఆరో తరగతి అబ్బాయి ఒకడి గురించి మూడు వారాలు అలా రాయించాం. గొడవలన్నీ పైకి చదవమన్నప్పుడే జరిగాయి. వాడికి చదవడం రాదు. ఇప్పుడు రోజూ పదిహేను నిమిషాలు విడిగా చదివిస్తున్నాం.