కళ్లారా చూసిన సాక్ష్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: భయపడిన క్షణం మనసులో ఫొటోలా అచ్చుపడిపోతుంది.
వాస్తవం: భయం చూపును ఒక్కచోటికి లాగేస్తుంది. కత్తి చూసినవాళ్లకు కత్తి బాగా గుర్తుంటుంది, పట్టుకున్నవాడి ముఖం జారిపోతుంది. కావలి దగ్గర హైవే మీద లారీ బైకును గుద్దితే, టీకొట్టాయన కిందపడ్డ మనిషి గురించి అంతా చెప్పి, లారీ రంగు దగ్గర తడబడొచ్చు. దాన్ని అబద్ధం కింద జమకట్టకూడదు.

అపోహ: మొహంలో ఏమీ కనపడనీయకుండా నిబ్బరంగా ఉన్నవాళ్లకే వివరాలు బాగా గుర్తుంటాయి.
వాస్తవం: బాధను మొహంలో కనపడకుండా తొక్కిపెట్టడమూ ఒక పనే. శ్రద్ధలో కొంత దానికే ఖర్చవుతుంది. 2000లో మనస్తత్వ పరిశోధకులు రిచర్డ్స్, గ్రాస్ ప్రచురించిన ప్రయోగాల్లో అలా అణచుకుంటూ చూసినవాళ్లకు వివరాలు తక్కువ గుర్తున్నాయి. కాబట్టి అడిగేటప్పుడు కూడా సాక్షితో "ఏడవబాకమ్మా, ముందు జరిగింది చెప్పు" అనొద్దు. మంచినీళ్లిచ్చి, "ఇప్పుడెట్టుందమ్మా?" అనండి. దడగా ఉందో, కోపంగా ఉందో ఆమె మాటల్లోనే రానివ్వండి.

అపోహ: ఎట్టా అడిగినా చూసింది మారదు.
వాస్తవం: మారుతుంది. చాలా నష్టం ఇక్కడే. 1974లో మనస్తత్వ పరిశోధకులు లాఫ్టస్, పామర్ కార్లు ఢీకొన్న ఫిల్ములు చూపించి వేగం అడిగారు. ప్రశ్నలో "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థమిచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకు 40.5 మైళ్లు, "తగిలినప్పుడు" అంటే 31.8. మన దగ్గర "ఆ ఎర్ర కారు ఎటు పోయింది?" అని అడిగితే చాలు, ఎరుపు సాక్షి మనసులో చేరిపోవచ్చు.

సాక్షికి గుర్తున్నది రాబట్టడానికి మనస్తత్వ పరిశోధకులు ఫిషర్, గైసెల్మన్ 1980లలో రూపొందించిన పద్ధతిని ఇట్టా వాడొచ్చు. ముందు ఆ చోటును మనసులోకి తెచ్చుకోమనాలి: ఎక్కడ నిలబడ్డారు, వెలుతురెంత, చేతిలో ఏముంది. కళ్లు మూసుకుంటే ఇంకా మంచిది. తర్వాత చిన్నదైనా వదలకుండా చెప్పమని, మధ్యలో అడ్డుపడకుండా వినాలి. ఆపైన చివర్నించి వెనక్కి చెప్పించాలి. ఒక్కో వివరానికి "ఇది మీరు చూశారా, ఎవరన్నా చెప్పారా, వాట్సాప్ వీడియోలో చూశారా?" అని తేల్చుకోవాలి. "గుర్తులేదు" అంటే అదే రాసుకోండి. "బాగా ఆలోచించు" అని పదేపదే ఒత్తిడి పెడితే వచ్చేది ఊహే.

అపోహ: గట్టిగా చెబుతున్నారంటే నిజమే.
వాస్తవం: పద్ధతిగా జరిపిన గుర్తింపు పరేడ్‌లో (అనుమానితుణ్ణి ఇతరులతో కలిపి నిలబెట్టి, సాక్షిని గుర్తుపట్టమనడం) మొదటిసారి చెప్పినప్పటి నమ్మకానికే విలువ. "నువ్వు చూపించినోడే" అని ఎవరైనా అన్నాక పెరిగిన ధీమా లెక్కలోకి రాదు. ఎంత నమ్మకమో అక్కడికక్కడే వాళ్ల మాటల్లోనే రాయించాలి. పరేడ్‌కు ముందే అనుమానితుడి ఫొటో ఊరి గ్రూపులో తిరిగితే, సాక్షి గుర్తుపట్టేది ఆ రాత్రి చూసిన మనిషినా, ఫోనులో చూసిన ఫొటోనా అన్నది సాక్షికే తెలియకపోవచ్చు.