ఉత్త కాళ్ళ నడక: మేలు ఎవరికి, ఏ వయసులో?

హైదరాబాద్‌లో పొద్దున్నే ఇందిరా పార్కుకో సంజీవయ్య పార్కుకో వెళితే పచ్చిక అంచున విప్పిపెట్టిన బూట్లు కనిపిస్తాయి. సాక్సులు వాటిలో కుక్కి, అరికాళ్ళకు తడి తగిలేలా నడుస్తున్నవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. ఇలా నడిస్తే షుగర్ దిగుతుందనీ, చూపు మెరుగవుతుందనీ, భూమిలోని శక్తి ఒంట్లోకి వస్తుందనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఇదంతా మన పూర్వీకులకు తెలిసిన ఆరోగ్య రహస్యమేనన్న మాట కూడా వాటిలో ఉంటుంది. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి.

మన పెద్దల్లో చాలామంది చెప్పుల్లేకుండా నడిచింది కొనుక్కునే స్తోమత లేక. కొనుక్కున్నవాళ్ళకూ వేసుకునే హక్కు అన్నిచోట్లా లేదు. తెలంగాణ పల్లెల్లో దొర గడి ముందు నుంచి వెళ్ళాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సి వచ్చేది. దళితులకైతే ఊరి వీధుల్లో చెప్పులేసుకుని నడవడమే నేరం. ఇది మరిచిపోయి ఆనాటి ఉత్త కాళ్ళను ఆరోగ్య సూత్రంగా పొగడటం నాకు సబబుగా అనిపించదు. ఇక బోనం ఎత్తుకున్న ఆడపడుచు, 41 రోజుల దీక్షలో ఉన్న అయ్యప్ప స్వామి, మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పీరు వెంట కదిలేవాళ్ళు చెప్పులు వదిలేది భక్తితో. ఒంటికి లాభమా నష్టమా అన్న లెక్క అందులో ఉండదు.

చెప్పులు విప్పి నడవడాన్ని చికిత్సగా ప్రచారం చేసినవాళ్ళలో పేరున్న వ్యక్తి ఒక జర్మన్ మతగురువు. బవేరియాలోని వోరిస్‌హోఫెన్‌లో ఉండే సెబాస్టియన్ క్నైప్ (1821–1897) తన నీటి చికిత్సతో పాటు మంచుకు తడిసిన గడ్డి మీద నడవమని రోగులకు చెప్పేవాడు. ఆ తర్వాత అడాల్ఫ్ జుస్ట్ అనే మరో జర్మన్, మట్టి, గాలి, ఉత్త కాళ్ళు కలిపి ఒక జీవన పద్ధతినే రాశాడు. దక్షిణాఫ్రికాలో ఉండగా గాంధీ చదివి ప్రభావితమైన పుస్తకాల్లో జుస్ట్ రాసినది ఒకటి. 1947 జనవరిలో, 77 ఏళ్ళ వయసులో, గాంధీ బెంగాల్‌లోని నౌఖాలీ పల్లెల్లో చెప్పులు వదిలేసి నడిచారు. అది మాత్రం వైద్యం కోసం కాదు, అల్లర్లలో నలిగిన మనుషుల కోసం.

జర్మనీ ప్రకృతి వైద్యం తెలుగువాళ్ళకు తొందరగానే చేరింది. లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. హైదరాబాద్‌లో 1970లో గాంధీ పేరు మీద ప్రకృతి వైద్య కళాశాల వచ్చింది. బల్కంపేటలోని ప్రకృతి చికిత్సాలయం నగరంలో చాలామందికి తెలిసిందే. పచ్చిక మీద పొద్దుటి నడక సలహా ఇలా ఇళ్ళలోకి వచ్చింది.

భూమి శక్తి మాట మరీ కొత్తది. అమెరికాలో కేబుల్ టీవీ వ్యాపారం చేసిన క్లింట్ ఓబర్, తీగలకు ఎర్తింగ్ ఇచ్చినట్టే మనిషికీ ఇవ్వాలంటూ 1990ల చివర మొదలుపెట్టాడు. దాని మీద జరిగిన పరీక్షలు చాలా చిన్నవి. వాటిలో చాలావాటిని చేసినవాళ్ళకు ఎర్తింగ్ సరుకులు అమ్మే వ్యాపారంతో సంబంధం ఉంది. అందుకే నేను దాన్ని నమ్మమని ఎవరికీ చెప్పను.

మరి మేలు లేదా అంటే, ఉంది. చూడాల్సిన చోటు పిల్లల పాదాలు. మణిపాల్ వైద్యులు ఉదయ భాస్కర్ రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదం లోపలి అంచున వంపు ఉంటే ముద్రలో అక్కడ ఖాళీ కనిపిస్తుంది. వంపు లేకపోతే అరికాలు మొత్తం అచ్చు పడుతుంది. ఇలాంటి చదును పాదాలు చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం ఉంటే, ఏమీ వేసుకోనివారిలో 2.8 శాతమే. ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవారిలో ఎక్కువ, మామూలు చెప్పులవాళ్ళలో అంతకన్నా తక్కువ. వంపు ఏర్పడటానికి ఆరేళ్ళలోపు వయసు కీలకమని కూడా వాళ్ళు తేల్చారు.

పెద్దవాళ్ళ విషయంలోనూ కొంత ఆధారం ఉంది. అరవై దాటినవారిని గులకరాళ్ళలాంటి ఎత్తుపల్లాలున్న చాప మీద 16 వారాలు నడిపించిన ఒక అమెరికన్ పరిశోధనలో వాళ్ళ బ్యాలెన్స్ మెరుగైంది, బీపీ కొంత తగ్గింది. అది 2005లో వచ్చింది. షుగర్ నయమవుతుందని మాత్రం అందులో లేదు.

అసలు టెన్షన్ షుగర్ దగ్గరే. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల నరాలు మొద్దుబారతాయి. గాజు పెంకు దిగినా తెలియదు. ఇంటికొచ్చాక గచ్చు మీద రక్తపు మరకలు చూసి ఇంట్లోవాళ్ళు చెబితే తప్ప పుండు సంగతి బయటపడదు. ఎండాకాలం గుడి బండల మీద ప్రదక్షిణ చేసి బొబ్బలెక్కినా అంతే. అందుకే పాదాలు మొద్దుబారినవాళ్ళు ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. పరీక్ష కష్టమేమీ కాదు. డాక్టర్ ఒక నైలాన్ దారాన్ని అది వంగేదాకా అరికాలికి ఆనిస్తాడు. తగిలిన స్పర్శ తెలియకపోతే స్పర్శ జ్ఞానం తగ్గినట్టే. పార్కులో బూట్లు విప్పే ముందు షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఇది చేయించుకోవాలి.

నేల సంగతి కూడా చూడాలి. మలంతో కలుషితమైన మట్టిలోని కొంకిపురుగు పిల్లలు పాదం చర్మంలోంచే లోపలికి దూరి రక్తహీనత తెస్తాయి. పేద పిల్లల కాళ్ళకు చెప్పులు అందడం ఎంత అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

మన నగరంలో జరుగుతున్నది ఈ ఆధారాలకు తలకిందులు. షుగర్ ఉన్న తాతయ్య బూట్లు విప్పి గులకరాళ్ళ ట్రాక్ ఎక్కుతున్నాడు. ఎల్‌కేజీ మనవడు మాత్రం పొద్దున్న ఎనిమిదికే గట్టి నల్లబూట్లలో బిగుసుకుంటున్నాడు. సాయంత్రం విప్పి చూస్తే చీలమండ చుట్టూ సాక్సు గాడి, చిటికెన వేలి మీద ఎర్రటి ఒరిపిడి. ఆరేళ్ళలోపు పిల్లల యూనిఫాం జాబితా నుంచి స్కూళ్ళు ఆ బూట్లను తీసేసి, చెప్పులతో రానిచ్చి, శుభ్రం చేసిన ఇసుకలో, పచ్చికలో ఆడుకునేటప్పుడు అవి కూడా విప్పనివ్వాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు తల్లిదండ్రుల సమావేశంలో అడగాల్సింది ఇదే.