కీ తిరుగుతుండగానే మార్చాల్సిన ఇగ్నిషన్ లాక్

పాత కారులో కీ పెట్టగానే తిరగదు. కొంచెం బయటికి లాగి, అటూ ఇటూ ఆడిస్తే తిరుగుతుంది. చాలామంది అలాగే నెలల తరబడి నెట్టుకొస్తారు. చిక్కేమిటంటే, మామూలుగా ఆ లాక్ సిలిండర్ (కీ దూరే గుండ్రటి భాగం) ఊడి రావాలన్నా కీ తిరగాల్సిందే. అది పూర్తిగా మొరాయించిందంటే ఇక డ్రిల్లు పట్టుకోవాలి.

సిలిండర్ లోపల పల్చని రేకులు వరుసగా ఉంటాయి. సాధారణంగా ఇత్తడివి. ఒక్కోదానికి వెంట్రుకంత తీగతో చుట్టిన స్ప్రింగ్. కీ లేనప్పుడు రేకుల అంచులు పొడుచుకొచ్చి, చుట్టూ ఉన్న గూటి గాడిలో దిగి ఉంటాయి. సరైన కీ దూరితే దాని గాట్లు ఒక్కో రేకునూ కావలసినంతే జరుపుతాయి, అంచులన్నీ లోపలికి సర్దుకుంటాయి, అప్పుడే సిలిండర్ తిరుగుతుంది. ఏళ్ల వాడకంలో గాట్లూ అరుగుతాయి, రేకులూ అరుగుతాయి. బరువైన కీ గుత్తి వేలాడుతుంటే ఇంకా తొందరగా. బండి ఆన్‌లో ఉండగానే కీ చేతికి వచ్చేస్తోందంటే అరుగుదల ముదిరిపోయినట్టే.

అయితే తప్పు ప్రతిసారీ సిలిండర్‌దే కాదు. ఎక్కువ వాడని రెండో కీ ఉంటే ముందు దాంతో చూడండి. అది హాయిగా తిరిగితే అరిగింది మొదటి కీయే. దాన్నే నమూనాగా ఇచ్చి నకలు తీయిస్తే అరుగుదల కూడా నకలవుతుంది; కీ కోడ్ (అసలు గాట్ల కొలతలు తెలిపే సంఖ్య) ప్రకారం కోయించాలి. చక్రాలు గట్టుకు ఒరుసుకుని స్టీరింగ్ లాక్ బిగుసుకున్నా కీ తిరగదు. అప్పుడు స్టీరింగ్‌ను కొద్దిగా కదుపుతూ తిప్పాలి. కీ తేలిగ్గా తిరుగుతున్నా డాష్‌బోర్డు దీపాలు వెలిగి ఆరుతుంటే, అనుమానించాల్సింది వెనకున్న ఎలక్ట్రికల్ స్విచ్‌ని. అది వేరే భాగం. ఇక నూనె పోయడమంటారా, రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

మార్చే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి: కొన్నింటికి 90 సెకన్లు, కొన్నింటికి 10 నిమిషాలు, ఆపైన కూడా. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీస్తే లాక్ గూడు కనబడుతుంది. చాలా బండ్లలో కీని ఏసీసీ స్థానానికి (ఇంజన్ లేకుండా రేడియో లాంటివి మాత్రమే పనిచేసే చోటికి) తిప్పి, గూటికి ఉన్న చిన్న రంధ్రంలోంచి సన్నని ఊచతో లోపలి పిన్నును నొక్కుతూ కీతో సహా లాగితే సిలిండర్ జారి వస్తుంది. రాకపోతే బలం చేయకండి. కీ రెండు మూడు డిగ్రీలు అటో ఇటో ఉండి ఉంటుంది, అంతే. కొన్ని పాత మోడళ్లలో మాత్రం స్టీరింగ్ చక్రమే విప్పాల్సి వస్తుంది.

కొత్తదాన్ని తోసేటప్పుడు దాని తోక స్విచ్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి; పిన్ను టక్కుమని రంధ్రంలోకి దూకాలి. ఇమ్మొబిలైజర్ (కీలోని చిప్పును గుర్తిస్తేనే ఇంజన్‌ను నడవనిచ్చే దొంగతన నిరోధక ఏర్పాటు) ఉంటే పాత సిలిండర్ మూతి చుట్టూ ఉన్న యాంటెన్నా రింగును కొత్తదానికి ఎక్కించాలి. కొత్త కీలో చిప్పు నమోదు కాకపోతే కీ తిరిగినా ఇంజన్ అందుకోదు, లేదా అందుకుని వెంటనే ఆగిపోతుంది. తలుపులకు పాత కీ, ఇంజన్‌కు కొత్త కీ వద్దనుకుంటే, కొత్త సిలిండర్ రేకుల్ని పాత కీ గాట్లకు తగ్గట్టు అమర్పించుకోవచ్చు. అది ఓపికున్నవాళ్ల పని. స్ప్రింగ్ ఒకటి ఎగిరిందంటే వెతుక్కోవడమే.

కవర్లు బిగించకముందే బ్యాటరీ కలిపి, కీని అన్ని స్థానాల్లో పదిసార్లు తిప్పి చూడాలి. ముఖ్యంగా రెండు సంగతులు. స్టార్ట్ నుంచి వదిలేసిన కీ తనంతట తాను ఆన్‌కి రావాలి. రాకపోతే ఇంజన్ నడుస్తున్నా స్టార్టర్ మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. ఇంకొకటి, కీ ఆన్‌లో ఉండగా స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా ఎక్కడా పట్టకుండా తిరగాలి. మధ్యలో పట్టేస్తే, స్టీరింగ్‌ను బిగించి ఉంచే లాక్ కడ్డీ పూర్తిగా వెనక్కి వెళ్లలేదన్నమాట. బండి కదిలించకుండా సిలిండర్ తీసి మళ్లీ కూర్చోబెట్టాలి.