నెల్లూరు చెత్తబండి: ఎద్దు నుంచి బ్యాటరీ దాకా

పొద్దున్నే పాట వేసుకుంటూ సందులోకి వచ్చే చెత్తబండి గురించి మనం మాట్లాడుకునేదంతా అది ఇవాళ వచ్చిందా రాలేదా అనే. 2021 అక్టోబరు 2న విజయవాడలో నాలుగు వేలకు పైగా చెత్త వాహనాలకు జెండా ఊపి రాష్ట్రమంతటికీ పంపినప్పుడు కూడా వాదులాటంతా నెలనెలా వసూలు చేసే చెత్త పన్ను మీదే జరిగింది. 2024 అక్టోబరులో ఆ పన్ను తీసేస్తామని ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. బండి ఏ ఇంధనంతో నడుస్తోంది, ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు అన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. రావలసిన సంగతి అది.

నెల్లూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలన్నిటిలో లాగే ఇక్కడా చెత్తను మోసింది ఎడ్లబండి. ఆ చెత్తలో ఉండేది పొయ్యి బూడిద, పేడ, ఆకులు, కూరగాయల తొక్కులు. రైతుకు అది ఎరువు. మునిసిపాలిటీల చేత కంపోస్టు చేయించి అమ్మించే పథకం 1940లలో దేశమంతటా నడిచింది. ఊరి చివరి దాకా పోతే చాలు, చెత్త పని అయిపోయేది. ఆ రోజులు మంచివని నేను అనను. మనుషుల చేత మలం ఎత్తించిన కాలం కూడా అదే, దాన్ని నిషేధించే చట్టం 1993 దాకా రాలేదు.

ఎద్దుల తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు పొలం కోసం చేసిన బండి. దాన్ని ట్రాలీ తగిలించి నడక వేగంతో సందుల్లో తిప్పుతూ, ప్రతి నాలుగు గడపలకూ ఆపుతూ ఉంటే ఇంజన్ ఆగదు, డీజిల్ వృథాగా కాలుతూనే ఉంటుంది. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంతకన్నా ముందు చూడాల్సింది బండి వెంట నడిచే పారిశుద్ధ్య కార్మికులను. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. ఆ పొగ మొదట తగిలేది వాళ్ల ముఖాలకే. 2020 ఏప్రిల్ నుంచి రోడ్డు వాహనాల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణం వచ్చి, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. అయితే ట్రాక్టర్లు ఆ ప్రమాణం కిందికి రావు, వాటికి నిబంధనలు వేరు.

ఈలోగా దూరం పెరిగింది. పర్యావరణ ఉద్యమకారిణి అల్మిత్రా పటేల్ ఊళ్ల చెత్త మీద 1996లో సుప్రీంకోర్టులో వేసిన కేసు వల్ల 2000లో చెత్త నిబంధనలు వచ్చి, మూత ఉన్న బండ్లు తప్పనిసరి అయ్యాయి. 2004లో నెల్లూరు కార్పొరేషన్ అయింది. తర్వాత చుట్టుపక్కల గ్రామాలు కలిసి 54 డివిజన్ల నగరమైంది. మధ్యలో రైలు కట్ట. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి దగ్గరో, రామలింగాపురం దగ్గరో ట్రాఫిక్‌లో నిలబడ్డ చెత్తబండి ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. ఇళ్ల ముందు చిన్న ఆటోలు ఎత్తిన చెత్తను పెద్ద బండ్లు ఊరి బయట దొంతాలి డంపింగ్ యార్డుకు తీసుకుపోతాయి. మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడి చెత్త, అందులో ఎక్కువ భాగం నీళ్లు. అంటే మనం డీజిల్ తగలేసి నీళ్లు మోయిస్తున్నాం! పైగా ఆ తడి చెత్త గుట్టల కింద గాలి ఆడక కుళ్లి మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు బలమైనది.

2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 36 చిన్న పురపాలికలకు 516 ఈ-ఆటోలు ఇచ్చింది. సమతల నేల, చిన్న చిన్న ట్రిప్పులు, మాటిమాటికీ ఆగడం: నెల్లూరు సందులకు బ్యాటరీ బండి సరిగ్గా సరిపోతుంది. ఆగినప్పుడు మోటారుకు కరెంటు ఖర్చు ఉండదు, వెనక నడిచే మనిషికి పొగ ఉండదు. ఆ కరెంటు ఎక్కడిదని కూడా అడగాలి. ముత్తుకూరు మండలం నేలటూరు విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు బొగ్గు మీదే నడుస్తున్నాయి. సందులో తగ్గిన పొగలో కొంత అక్కడి పల్లెల మీదికి చేరుతుంది. అయినా నేను ఈ-ఆటోకే ఓటు వేస్తాను. విద్యుత్ కేంద్రం పొగగొట్టాన్ని ఫిల్టర్లతో అదుపు చేయవచ్చు, వీధివీధిలో తిరిగే పొగను చేయలేం.

ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తను గ్యాస్‌గా మార్చగలదు. ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అక్కడ ఇది సాధ్యమైంది ఇళ్లలోనే తడి, పొడి వేరు చేయడం వల్ల. 2016 నాటి చెత్త నిబంధనలు మనకూ అదే చెప్పాయి.

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, మునిసిపల్ బండ్లకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి పాత టిప్పర్లు, ట్రాక్టర్ల స్థానంలో కొత్తవి కొనక తప్పదు. ఆ టెండర్లలో బండి ధర, అది మోసే టన్నుల పక్కన మరో రెండు లెక్కలు ఉండాలి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఎంత తడి చెత్తను డివిజన్‌లోనే ఎరువు చేసి దొంతాలి దాకా పోకుండా ఆపగలం.