ఏడాది ఆల్బమ్‌లకు ర్యాంకులు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో కేసెట్లు రికార్డు చేసిచ్చే షాపు నడిపినవాణ్ణి. షాపు మూసేశాక మిగిలిన సరుకుతో ఇప్పుడు చేసే పని ఇదే: ఒక సంవత్సరం ఎంచుకుని, ఆ ఏడాది ఆల్బమ్‌లు నలుగురం కూర్చుని వినడం, వాటికి వరస వేయడం. ప్రస్తుతం 1989 నడుస్తోంది. తెలుగు, హిందీ, ఒడియా మూడూ ఒకే జాబితాలో ఉంటాయి. ఈ ఊళ్లో పెరిగిన చెవులకు అలాగే అలవాటు.

అపోహ: ఆల్బమ్ ఏ ఏడాదిదో పాటల యాప్‌లోనే ఉంటుంది కదా!

వాస్తవం: యాప్‌లో కనిపించేది చాలాసార్లు పాటను డిజిటల్‌గా ఎక్కించిన ఏడాది. రికార్డు అట్ట, లేబుల్ చూడాలి. అవి దొరక్కపోతే సినిమా విడుదల తేదీయే దిక్కు. దాంతోనూ తగువులు వస్తాయి. ‘శంకరాభరణం’ థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరి 2న. కానీ కె.వి. మహదేవన్‌కి, బాలుకి, వాణీ జయరామ్‌కి దానికి దక్కిన జాతీయ అవార్డులు 1979 సినిమాల ఖాతాలోవి. అవార్డులవాళ్లు సెన్సార్ సర్టిఫికెట్ తేదీ చూస్తారు మరి. మేం విడుదల తేదీ పట్టుకుంటాం. మీరు సెన్సార్ తేదీ పట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. వినడం మొదలెట్టక ముందే తేల్చుకోండి, ఇష్టమైన ఆల్బమ్ కోసం మధ్యలో జరపకండి, అంతే.

మా 1989లో ఈ పేచీ ‘మైనే ప్యార్ కియా’ దగ్గర వచ్చింది. సినిమా విడుదల డిసెంబరు 29. మన వీధుల్లో మోగిందంతా 1990లోనే. అయినా అది 1989దే. (సల్మాన్ ఖాన్‌కి బాలు గొంతు కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లు దాన్ని సొంత సినిమాలాగే చూసుకున్నారు. ఆ పాటలకే బాలుకి ఫిల్మ్‌ఫేర్ కూడా వచ్చింది.)

అపోహ: హిట్ పాటలు ఎక్కువున్నదే పెద్ద ఆల్బమ్.

వాస్తవం: హిట్ల లెక్కకు ఇంత కూర్చోడం ఎందుకు? అదే ఏడాది మే నెలలో ‘గీతాంజలి’, అక్టోబరులో ‘శివ’ వచ్చాయి. రెంటికీ ఇళయరాజానే. ‘గీతాంజలి’ పాటలన్నీ వేటూరివి, మొదటి నుంచి చివరిదాకా ఒకే మూడ్ నిలబడుతుంది. ‘శివ’ అనగానే చాలామందికి మనసులో మోగేది నేపథ్య సంగీతం. గొప్పదే, కాదనను. కానీ మార్కులు పాటల ఆల్బమ్‌కి వేస్తున్నాం, సినిమాకి కాదు. ఇది చెబితే కుర్రాళ్లు నా మీద అలుగుతారు.

అపోహ: రీమాస్టర్ (పాత రికార్డింగుకే మెరుగుదిద్ది మళ్లీ వదిలినది) వింటే చాలు, పాత కేసెట్ దండగ.

వాస్తవం: రెండు పాటలు పక్కపక్కన వేసి ఒకదాన్ని కాస్త గట్టిగా పెట్టండి, అదే బాగుందంటారు. చెవి తీరే అంత. రీమాస్టర్లు చాలావరకు గట్టిగానే ఉంటాయి, అందుకని పోల్చే ముందు వాల్యూమ్ సమానం చేసుకోవాలి. కేసెట్‌నీ గుడ్డిగా నమ్మొద్దు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. డెక్‌లో, అంటే కేసెట్ ప్లేయర్‌లో, రబ్బరు బెల్టు సాగితే వేగం తగ్గి శ్రుతి దిగిపోతుంది, గాయకుడు నీరసంగా పాడినట్టుంటుంది. టేపును చదివే హెడ్ మీద మురికి పేరుకుంటే తాళాలు, గజ్జెలు మాయం. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత తీర్పు చెప్పండి.

అపోహ: శాస్త్రీయం నేర్చినవాళ్లే ర్యాంకులు వేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆల్బమ్ మొత్తం కదలకుండా వినే ఓపిక చాలు.

అపోహ: ఓట్లు కలిపేస్తే నిజమైన వరస వస్తుంది.

వాస్తవం: వచ్చేది ఎక్కువమంది విన్నవాటి వరస. మా దాంట్లో ఒడియా మిత్రులు తెచ్చే కేసెట్లు తెలుగువాళ్లు చాలామంది వినలేదు, వినకుండానే అడుగున పెట్టేస్తున్నారు. అందుకే విననివాళ్ల ఓటు ఆ ఆల్బమ్‌కి లెక్కలోకి తీసుకోం. విన్నవాళ్ల ఓట్లే లెక్కిస్తాం. అదీ నేరుగా పది మార్కులకు కాదు, రెండేసి ఆల్బమ్‌లు ఎదురెదురు పెట్టి ఏది పైన అని అడుగుతాం. ‘గీతాంజలి’, ‘మైనే ప్యార్ కియా’ల మధ్య మాత్రం ఇంకా తేలలేదు. నా ఓటు మొదటిదానికే.